ఆడేటోన్ని అడిగిండ్రా?

బాస్కెట్‌బాల్ నాకు సాంఘిక సంక్షేమ హాస్టల్లో పరిచయమైంది. వల లేని ఇనుప రింగు, గాలి తగ్గిన బంతి. ఊళ్లో మాదిగోళ్లం ముట్టుకుంటే మైల. ఈ ఆటలో ముట్టకుండ, తోయకుండ, ఒకని చేతి బంతి ఇంకొకడు గుంజుకోకుండ ఆటే లేదు. అందుకే నచ్చింది.

2020లో కరోనా వచ్చి బడి మూతబడ్డది. సెప్టెంబరు 1 నుంచి పాఠాలు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో వచ్చినయి. ఎవరింట్లో టీవీ ఉందో, ఎవరింట్లో లేదో రాసుకుంటూ పగలంతా వాడలు తిరిగేటోన్ని. రాత్రి ఫోన్లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ వార్తలు చదివేటోన్ని. అక్కడా ఇదే ప్రశ్న: ఈ ఏడు నడుస్తదా, నడవదా?

ఆ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. 1939లో మొదలైన పురుషుల జాతీయ టోర్నమెంటును 2020 మార్చి 12న మొదటిసారి రద్దు చేసింది. టీవీ సొమ్ము పడిపోయింది. కాలేజీలకు పంచాల్సిన 60 కోట్ల డాలర్లు 22.5 కోట్లకు దిగినయి. ఆ లెక్క చూసినంక నాకు అర్థమైంది. రోగం తగ్గినా తగ్గకున్నా మళ్లీ ఏడు ఆడిస్తరు.

హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్ నవంబరు 12న సీజను మానుకుంది. అవి ఆటకు స్కాలర్‌షిప్పులివ్వవు, ఆట సొమ్ము మీద బతకవు. ఉన్నోళ్లు మానుకున్నరంటే వింత లేదు. బెతూన్-కుక్‌మన్ కూడా ఆ ఏడు ఆటలన్నీ మానుకుంది. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల బిడ్డ మేరీ మెక్‌లియోడ్ బెతూన్ 1904లో నల్ల ఆడపిల్లల కోసం పెట్టిన బడి అది. ఆ నిర్ణయం ముందు నేను తలవంచుతా.

మిగతావాళ్లు నవంబరు 25న మొదలుపెట్టిండ్రు. పొద్దున ఉన్న మ్యాచ్ సాయంత్రానికి లేదు. 2021 మార్చిలో పురుషుల టోర్నమెంటు మొత్తాన్ని ఇండియానా రాష్ట్రంలోనే పెట్టి, ఆటగాళ్లను హోటళ్లలో ఉంచి, పరీక్షల మీద పరీక్షలు చేసిండ్రు. మార్చి 20న వర్జీనియా కామన్వెల్త్ జట్టులో కొందరికి కరోనా తేలింది. బంతి పట్టకుండానే ఆ పిల్లలు ఇంటికి పోయిండ్రు.

ఆ వారమే రట్గర్స్ ఆటగాడు జియో బేకర్, మిషిగన్ ఆటగాడు ఐజయా లివర్స్, అయోవా ఆటగాడు జోర్డాన్ బోహానన్ ‘మేం ఎన్‌సీఏఏ సొత్తు కాదు’ అనే నినాదం లేవదీసిండ్రు. పెద్ద పురుషుల జట్లల్లో సగానికి పైగా నల్లపిల్లలే. కోచ్‌లకు లక్షల డాలర్ల జీతం. ఆటగాళ్లకు అప్పుడు జీతం లేదు.

‘చదువు ఉచితమే గదా’ అన్నోళ్లున్నరు. స్కాలర్‌షిప్పు విలువ నాకు ఒకరు చెప్పాల్నా? మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. దాని మీదే చదివిన. అది భిక్ష కాదు, అంబేద్కర్ కొట్లాడి తెచ్చిన హక్కు. దాన్ని చూపించి నోర్మూసుకోమంటే మాత్రం అది హక్కు కాదు, వెట్టికి కొలిచే గింజలు. మా తాత వెట్టి చేసిండు. కూలి అడిగితే దొర ‘గింజలు పెడుతున్న గదరా’ అనేటోడు. ఆ పిల్లల బతుకూ మా తాత బతుకూ ఒకటని నేననను. ఒళ్లు ఒకనిది, పెత్తనం ఇంకొకనిది అయినప్పుడు పుట్టే మాట మాత్రం ఒక్కటే.

పోరాటం ఊరికే పోలేదు. 2021 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలూ ఒక్కమాటగా ఎన్‌సీఏఏ మీద తీర్పిచ్చిండ్రు: ఆటగాళ్లకు చదువు కోసం ఇచ్చేదానికి హద్దు పెట్టరాదని. జూలై 1 నుంచి తమ పేరుతో, బొమ్మతో సంపాదించుకునే వీలొచ్చింది. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇయ్యొచ్చు.

1972లో బొంబాయిలో మనవాళ్లు బ్లాక్ పాంథర్స్‌ను చూసి దళిత్ పాంథర్స్ పెట్టుకున్నరు. ఆ చుట్టరికం గోడల మీది బొమ్మలకే పరిమితమైతే చాలదు. మన హాస్టల్ పిల్లలకు ఈ ఆటగాళ్ల సంగతి చెప్పాలె. సెలవులివ్వాల్నా, బడి తెరవాల్నా, పరీక్ష పెట్టాల్నా అని పెద్దలు కూసోని మాట్లాడే చోట, ఆ పిల్లలకూ ఒక కుర్చీ వెయ్యాలె.