చలిలో ఇంజను

లేహ్‌లో మూడు శీతకాలాలు గడిపి వచ్చిన నాకు, హైదరాబాదులో సంక్రాంతి చలికే కారును వాకిట్లో పావుగంట ఊరికే తిప్పుతూ నిలబడేవారిని చూస్తే నవ్వు వస్తుంది.

సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణంలో జనవరి రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీల దిగువకు పోవడం మామూలు. ఇంజను నూనె ఆముదంలా చిక్కబడుతుంది. బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది. ఇక డీజిలులోని మైనం గడ్డకట్టి ఫిల్టరునే మూసివేస్తుంది. ఆ చలికి తట్టుకునే ప్రత్యేక డీజిలు 2019లో అక్కడికి వచ్చేదాకా, టాంకు కింద మంట పెట్టి కరిగించుకున్న లారీ డ్రైవర్లు ఎందరో!

ఒకనాడు తెల్లవారుజామున మా పొరుగింటి ఇల్లాలికి నొప్పులు మొదలయ్యాయి. మా ఆఫీసు పెట్రోలు కారు నడిపే వృద్ధుణ్ణి అందరమూ ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన ముందుగా కారును షెడ్డులోంచి బయటికి తోయించాడు. మూసిన చోట ఇంజను తిప్పితే వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని అది ఆక్రమించి, మెలకువ రాకుండానే ప్రాణం తీస్తుంది.

స్టార్టు చేసిన అరనిమిషానికే కారు కదిలింది. “కాస్త వేడెక్కనివ్వండి ఉస్తాద్‌జీ, దారిలో ఆగిపోతే?” అన్నాడు ఆమె భర్త. మలుపు తిరిగామో లేదో, “ఇంకొంచెం వేగంగా పోనివ్వండి” అన్నదీ ఆయనే. “పని చేస్తేనే ఒళ్లు వేడెక్కుతుంది సార్. అలాగని నిద్ర లేచినవాణ్ణి పరుగెత్తించకూడదు” అన్నాడు ఉస్తాద్.

ఆ మాటలో శాస్త్రం ఉంది. నిలబెట్టి తిప్పే ఇంజనులో పుట్టే వేడి స్వల్పం. చల్లగా ఉన్నంతసేపూ అది అదనంగా పెట్రోలు తాగుతుంది. కాలని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగివేస్తుంది. చోక్ లాగి నడిపిన కార్బురేటరు కార్లకు కొన్ని నిమిషాల నిరీక్షణ తప్పేది కాదు. నేటి ఇంజెక్షన్ కార్లు చలిని కొలిచి పెట్రోలును తామే సర్దుకుంటాయి. గేర్లూ, చక్రాల బేరింగులూ ఎలాగూ నడిస్తేనే వెచ్చబడతాయి. కనుక మొదటి మూడు, నాలుగు కిలోమీటర్లు ఇంజనును గట్టిగా రొద పెట్టనివ్వకుండా పోవడమే పద్ధతి.

ఆసుపత్రి చేరేసరికి హీటరు నుంచి వెచ్చని గాలి వస్తోంది. ఏడున్నరకు ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు చెబుదామని బయటికి వస్తే, తిరుగు ప్రయాణానికి వేడి నిలిచి ఉండాలని ఉస్తాద్ ఆగిన ఇంజను బానెట్‌పై పాత బొంత కప్పుతున్నాడు.