నాలుగు కొమ్ములు – ఒక జానపద నృత్యం

వాద్యం నేర్వదలచిన వానికి మొదట కావలసినది గొప్ప రచన కాదు, తన శక్తికి తగిన రచన. మేము నలుగురు మిత్రులం ఫ్రెంచి హారన్ అభ్యసించిన కాలంలో ఈ సత్యాన్ని గ్రహించాము.

హారన్ అనగానే మోటారు వాహనం జ్ఞప్తికి రావడం సహజమే. కాని ఇది ఐరోపా వేటగాండ్ర కొమ్ము నుండి పుట్టిన ఇత్తడి వాద్యం. చుట్టలు చుట్టిన దీని గొట్టాన్ని సాగదీస్తే సుమారు 12 అడుగుల పొడవుంటుంది. 1814 ప్రాంతంలో జర్మనీకి చెందిన ష్టోల్‌జెల్ దీనికి వాల్వులు అమర్చిన పిదప అన్ని స్వరాలూ సులువుగా పలుకసాగాయి. అయినను కష్టం తీరలేదు. పై స్థాయిలో స్వరాలు ఒకదానికొకటి అతి సమీపంలో ఉంటాయి. వ్రేళ్ళు కదలకున్నా, పెదవుల బిగువు రవంత మారితే చాలు, ప్రక్క స్వరం పలుకుతుంది.

వెబర్ 1821లో తన సంగీత నాటకంలో వేటగాండ్ర బృందగానానికి కొమ్ములను తోడుచేశాడు. షూమన్ 1849లో నాలుగు హారన్లను ముందు నిలిపి, వెనుక ఆర్కెస్ట్రాను కూర్చి ఒక రచన చేశాడు. అవి మాకు అందని మ్రాని పండ్లు. సైనిక బ్యాండులో పనిచేసి విరమించిన మా ఉస్తాద్ గారు వాటి జోలికి పోక, ఆస్ట్రియా పల్లెల్లో జంటలు ఆడే ల్యాండ్లర్ అనే నృత్యపు బాణీని మా ముందుంచారు. మూడు మాత్రల నిదానమైన నడక, రెండు భాగాలు, ఒక్కొక్కటి ఎనిమిది ఆవర్తాలు, ప్రతి భాగానికీ పునరావృత్తి. ఆ బాణీ ఎక్కువగా కొమ్ముకు సహజమైన స్వరాల మీదనే సాగుతుంది.

ఆ ప్రతిలో పాటంతా మొదటి కొమ్ముదే. నాల్గవ కొమ్ముకు ఆవర్తానికొక అడుగు స్వరం మాత్రమే. మూడు వారాలు గడిచాక మా నాల్గవ మిత్రుడు, "ఉస్తాద్, నేను లేకున్నా ఈ పాట సాగుతుంది. నాకు సెలవిప్పించండి" అన్నాడు.

ఉస్తాద్ గారు అతనిని కూర్చుండబెట్టి మా ముగ్గురినే ఊదమన్నారు. పాట వినబడింది, కాని నృత్యం కనబడలేదు. "విన్నావా బేటా, పాదం నేల మీద ఎప్పుడు పడాలో చెప్పేది నీ కొమ్మే" అన్నారు.

"నేల అవసరమే ఉస్తాద్. కాని నేలకు పాట ఉండదు గదా!" అన్నాడు మిత్రుడు.

ఆ మాటకు మాలో ఎవరివద్దా జవాబు లేకపోయింది. మరునాడు ఉస్తాద్ గారు కొత్త ప్రతులు వ్రాసి తెచ్చారు. బాణీ ఎనిమిది స్వరాల పరిధి దాటదు. మొదటి తడవ పాట మొదటి కొమ్ముది. పునరావృత్తిలో నాల్గవ కొమ్ముది. అప్పుడు రెండవ కొమ్ము అడుగు స్వరం పలకాలి. మొదటి, మూడవ కొమ్ములు మొదటి మాత్ర విడిచి తక్కిన రెండు మాత్రలు పలకాలి. ఊది ఊది అలసిన పెదవులకు మధ్య మధ్య విరామాలు కూడా ఉంచారు.

అంతవరకు పాటను అవలీలగా ఊదిన మా మొదటి మిత్రునికి ఆ రెండు మాత్రలు నిలకడగా పలకడమే కష్టమైంది. కోలాటంలో వలె, ఎదుటివాని దెబ్బ కోసం చెవి ఒగ్గవలసి వచ్చింది. ఇక నాల్గవ మిత్రుడు తన వంతు పాట ముగించి కొమ్ము దించినప్పుడు సెలవు ప్రసక్తి తేలేదు. మరునాడు అందరికన్న ముందుగా వచ్చాడు.

సులభమైనది చులకనైనది కాదు. క్రొత్తవారి కోసం రచన చేయువాడు స్వరాలను తగ్గించడంతో సరిపెట్టరాదు. నలుగురిలో ఏ ఒక్కడూ ప్రేక్షకుడై మిగలకుండా చూడవలెను. చదువులోనైనా, సంఘంలోనైనా వెనుక వరుసవానికి ఒక పునరావృత్తి కేటాయించడం అసాధ్యం కాదని మా నమ్మకం.

ఆ నాలుగు చేతివ్రాత ప్రతులను కళాశాల గ్రంథాలయానికి సమర్పించదలచాము. పాలక సంఘం వారు స్వీకరింతురని, రాబోవు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వాటిని వాద్యాలపై పలికింతురని ఆశిస్తున్నాము.