గోడబీరువా

నా చిన్నతనమున మా తాతగారు నాకు విరాటపర్వము చెప్పిరి. వలలుడను పేర భీమసేనుడు విరటుని వంటయింట చేరిన ఘట్టము చదువునపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండెను. అంతమందికి వండు ఆ యింట పప్పులును, నేతికుండలును ఎచ్చట నుంచెడివారో తిక్కనగారు చెప్పలేదేమి? తాతగారు నవ్వి యూరకుండిరి. దానికి సమాధానమును నేను మా పిన్నిగారి భోజనశాలలో, ఒకరి భుజము విఱిగిన పిదప నేర్చుకొంటిని.

చిన్నాన్నగారు గతించిన పిదప, 2021లో పిన్నిగారు మా యూరి కాలేజీ వీధిలో మెస్సు తెఱచిరి. పూటకు అఱువదిమంది భోజనము చేయుదురు. మావారు బడికి వెళ్లిన తరువాత నేను పోయి లెక్కలు వ్రాసిపెట్టుచుందును. ఆ వంటగది వెడల్పు తొమ్మిదడుగులు. పొయ్యిలు, గ్రైండరు, బియ్యపు బస్తాలు పోగా మనుష్యులు తిరుగుటకు మిగిలినది రెండడుగులు. నేల నిండినపుడు చూపు గోడమీదికి పోవుట సహజము. మన అమ్మమ్మలు ఉట్టి కట్టినదియు, గోడలో గూడు విడిచినదియు, అటక వేయించినదియు ఇందుకే కదా.

గోడబీరువా పెట్టింపుడని చెప్పినదానను నేనే. వడ్రంగి వచ్చి గోడను వ్రేళ్లతో తట్టి చూచి, “అమ్మగారూ, ఇది మట్టితో కట్టిన పాతగోడండి. మేకుకు పట్టుండదు. కింద కాళ్లు పెట్టిద్దామండి” అనెను. కాళ్లు పెట్టినచో క్రింది చోటు పోవుననియు, మఱి రెండువేలు ఖర్చగుననియు నేనొప్పుకొనలేదు. లెక్కలు వ్రాయుదానను గదా! ఆ రెండువేలు మిగిల్చితినని సంతోషించితిని గూడ.

ఏడాది గడచెను. 2023లో వానకాలమున ఆ గోడ ఆవలిప్రక్క చెమ్మ పట్టెను. ఒకనాటి ఉదయమున, వంటకు వచ్చు పెద్దామె పోపుడబ్బాకై తలుపు తీసినంతనే బీరువా పైభాగము గోడనుండి యూడి ముందునకు వ్రాలెను. ఆమె ప్రక్కకు తొలగుటచే తల తప్పినది గాని కుడిభుజపు టెముక విఱిగెను. కబురందుకొని నేను పరుగెత్తి పోవునప్పటికి, నూనెలోను, ఆవకాయజాడీ పెంకులలోను ఆమె కూర్చుండియుండెను. నన్ను చూచి ఆమె మొదట ననిన మాట, “ముందు పొయ్యి ఆర్పండమ్మా.”

ఆ రాత్రి మావారు కాగితము తీసికొని లెక్క వేసిరి. నూనె డబ్బాలు రెండు, 30 కిలోలు. కందిపప్పు 20, మినపపప్పు 10, చింతపండు 10, ఉప్పు 10. జాడీలు నాలుగు, 24. మొత్తము 104 కిలోలు. బీరువా బరువు 40. అంతయు కలిసి 144. రెండేండ్లుగా అణాపైసలతో జమాఖర్చులు వ్రాసిన నేను ఈ కూడిక నొక్కమాఱైనను వేయలేదు. మావారు నన్నేమియు ననలేదు. అనియుండినను బాగుండెడిది.

బరువొక్కటియే కాదు, లోతును లెక్కించవలెను. నీళ్లబిందెను చంకనిడుకొని నడచుట తేలిక. అదే బిందెను చేయి చాచి పట్టుకొన్నచో భుజము లాగివేయును. బీరువా గోడనుండి ఎంత ముందునకు వచ్చునో పైమేకులను అంత బలముగా లాగును. మాది అడుగున్నర లోతు. అడుగు లోతు చాలియుండెడిది. మట్టిగోడయైనచో బోల్టును గోడ ఆవలికి దూర్చి, ఆ ప్రక్క ఇనుపపలక వేసి బిగింపవలెను. లేదా బరువును కాళ్లమీదుగా నేలకు దింపవలెను.

క్రొత్తది కొనుటకు నేనే పోయితిని. కొయ్యదానిలో బొద్దింకలు కాపురముండుట చూచియుంటిమి గనుక ఉక్కుదే కోరితిని. 304 రకపు ఉక్కులో నూటికి 18 పాళ్లు క్రోమియమును, 8 పాళ్లు నికెలును ఉండును. 202 రకములో నికెలు తగ్గించి మాంగనీసు చేర్తురు. వెల తక్కువ, ఉప్పుచెమ్మకు త్రుప్పు త్వరగా పట్టును. అంగడివాడు అయస్కాంతము పెట్టి, “చూడండమ్మా, అంటుకోలేదు, 304 ఏ” అనెను. 202 కూడ సాధారణముగా అంటుకొనదు! బిల్లుమీద రకము వ్రాయుమంటిని.

హోటళ్లకని చేసిన బీరువాల పైకప్పు ముందునకు వాలియుండును. అందుచే ధూళి నిలువదు. అంతకంటె ముఖ్యముగా, దానిపై ఖాళీడబ్బాలు పేర్చుటకు వీలుండదు. గృహిణుల స్వభావ మెఱిగినవా రెవరో దీనిని కల్పించియుందురు. ఇఱుకుగదిలో తలుపులు ప్రక్కకు జరుగునవి మేలు. తెఱచిన తలుపు నుదుటికి తగులదు. వంటబల్లకు అడుగున్నర యెత్తున అడుగుభాగ ముండునట్లు కొలిపించితిని. పొయ్యిపైన మాత్రము పెట్టింపలేదు. ఆ యావిరికి ధనియాలపొడి ముద్దకట్టును, నూనెజిడ్డు తలుపులకు పేరుకొనును. నూనెయు, జాడీలును ఇపుడు క్రిందనే చెక్కపీఠముపై, గోడకు జానెడు ఎడముగా నున్నవి. 2011 నాటి ఆహారభద్రతా నియమములును సరకులు నేలకెత్తుగా, గోడకు దూరముగా నుండవలెననియే చెప్పుచున్నవి. పై అరలలో పోపుసామాను, కాగితపు పొట్లములు, గిన్నెమూతలు, అంతియే.

దీనిని నిలుపుటకు ఆ వడ్రంగినే పిలిపించి, “నీ మాట వినకపోతిని నాయనా” అంటిని. అతడు తలవంచుకొని, “కాళ్లు పెట్టిద్దామండి” అని మాత్రమే అనెను.

పెద్దామె రెండున్నర నెలలకు మరల పనిలోనికి వచ్చినది. ఆ నెలల జీతము పిన్నిగారిచ్చిరి, ఆస్పత్రి ఖర్చు నేనిచ్చితిని. చేయి పూర్తిగా పైకి లేవదు. క్రొత్త బీరువాను నేను రెండుచేతులతో లాగి చూపితిని, కదలలేదు. ఆమె చూచి, “గట్టిగానే ఉందమ్మా” అన్నది. అనియు దాని క్రిందికి పోలేదు. కూరలు తరుగు బల్లను ఎదురుగోడకు జరిపించుకొన్నది. ఆమెకు కావలసిన పోపుడబ్బాను ఉదయముననే తీసి ఆ బల్లమీద పెట్టివచ్చుట ఇప్పుడు నా పని.