మీ పాపకి వకుళమ్మ కథ చెప్పారా?

పిల్లని దత్తత తెచ్చుకున్న ఇంట్లో ఏదో ఒక రోజు ఆ ప్రశ్న రాక తప్పదు. "అమ్మా, నేను నీ బొజ్జలోంచే వచ్చానా?" అని. మేం మా పాపని 2019లో శిశుగృహ నుంచి ఎనిమిది నెలల పిల్లగా తెచ్చుకున్నాం. నాలుగేళ్ళు నిండకుండానే ఆ మాట అడిగేసింది. పక్కింటమ్మాయి సీమంతానికి వెళ్ళి, చేతినిండా గాజులు తొడిగించుకుని వచ్చిన రోజది.

"పెద్దదయ్యాక చెప్పొచ్చులే" అనేవాళ్ళే మనలో ఎక్కువ. మా అత్తయ్యగారిది మాత్రం మొదట్నించీ ఒకటే మాట. "నిజం తల్లి నోట రావాలమ్మాయ్. లేకపోతే వీధిలోంచి వస్తుంది." ఎంత నిజం! పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరో ఒకరు "అచ్చం నీ పోలికేనే, పెంచుకున్న పిల్లంటే నమ్మలేం" అని మెచ్చుకోలుగానే అనేస్తారు. పిల్ల చెవిన ఆ మాట మొదటిసారిగా అక్కడ పడితే? పైగా మనం దాచామంటే, అందులో ఏదో సిగ్గుపడాల్సిన సంగతి వుందని పిల్లకి మనమే నేర్పినట్టు.

కర్ణుడి కథే చూడండి. రాధ పెంచినందువల్ల అతనికి ఏ లోటూ రాలేదు. యుద్ధం ముంచుకొచ్చాక కృష్ణుడొచ్చి జన్మరహస్యం చెప్పి, రాజ్యం నీదే రమ్మంటే, తనకి తల్లి రాధేనన్నాడు. అతన్ని కాల్చింది ఆ నిజం అంత ఆలస్యంగా తెలియడం. ఈ కథ పసివాళ్ళకి వద్దు. పెట్టెలో పెట్టి నదిలో వదిలారంటే బెంబేలెత్తిపోతారు. ఇది పెద్దవాళ్ళం మనం గుర్తుంచుకోవలసిన కథ.

మరి పిల్లలకి ఏం చెప్పాలి? మన పూజగదిలో పటాలున్నాయి చూశారూ, అవే చాలు. సీతమ్మ నాగటి చాలులో జనకమహారాజుకి దొరికింది. జానకి అన్న పేరు పెంచిన తండ్రివల్ల వచ్చిందే. గోదాదేవి శ్రీవిల్లిపుత్తూరులో, తులసివనంలో విష్ణుచిత్తుడికి దొరికింది. శకుంతలని కణ్వమహర్షి పెంచుకున్నాడు.

అన్నిటికన్నా మా పాపకి నచ్చింది వకుళమ్మ కథ. చిన్ని కృష్ణుణ్ణి పెంచిన యశోదకి అతని పెళ్ళి చూసే భాగ్యం లేకపోయింది. కలియుగంలో ఆ ముచ్చట తీరుస్తానని కృష్ణుడు మాటిచ్చాడట. ఆ యశోదే వకుళగా పుట్టి, శ్రీనివాసుణ్ణి కన్నకొడుకులా చూసుకుంది. సంబంధం మాట్లాడటానికి ఆకాశరాజు ఇంటికి తనే వెళ్ళింది. అక్కడ పెళ్ళికూతురు పద్మావతి ఎవరనుకున్నారు? పిల్లల్లేని ఆ రాజు యాగం కోసం నేల దున్నిస్తుంటే పద్మంలో దొరికిన పాప! అంటే ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు తల్లీ కనలేదు, పెళ్ళికూతురు తల్లీ కనలేదు. మనం మొక్కుకుని మరీ చేయించుకునే శ్రీనివాస కల్యాణం అదే కదూ!

తిరుమల గుడిలో స్వామికి నైవేద్యం వండే పోటులో వకుళమాత విగ్రహం వుంటుంది. కొడుక్కి వేళకి అన్నం అందుతోందా లేదా అని చూసుకుంటుందన్నమాట. 2022లో తిరుపతి దగ్గర పేరూరు బండ మీద ఆవిడ గుడిని తిరిగి కట్టి కుంభాభిషేకం చేశారు. పాపని తీసుకెళ్ళి చూపిస్తే, "ఈ అమ్మ కూడా నీలాగేనా?" అని చేతులు జోడించింది.

అయితే కథ చెప్పేస్తే పని అయిపోదు. పిల్లలు కథ వెనకాల కథ అడుగుతారు. అయిదో ఏట కృష్ణాష్టమికి గుమ్మంలో బుల్లి పాదాలు వేస్తుంటే, పిండిచేత్తోనే ఆగిపోయి, "కృష్ణుడు మథుర వెళ్ళిపోయాడుగా, నేనూ వెళ్ళిపోవాలా?" అంది. గుండె జారిపోయింది నాకు. అలాంటప్పుడు పురాణం పనికిరాదండీ. ముందు గట్టి మాట కావాలి. బీరువాలోంచి కోర్టువారిచ్చిన ఉత్తర్వు తీసి చూపించాను. "నువ్వు మా పిల్లవని జడ్జిగారు సంతకం పెట్టారు. ఎవరూ తీసుకెళ్ళరు" అన్నాను. ఆ కాయితం మీద తన పేరు వేలితో తడుముకుని, మళ్ళీ పాదాలు వేసుకోవడం మొదలెట్టింది.

తరవాతిది అసలైన కష్టం. "మరి ఆ అమ్మ నన్నెందుకు వదిలేసింది?"

ఇక్కడే మన పెద్దవాళ్ళు కర్మ అనేస్తారు. మా బంధువులావిడ పాప ఎదుటే "పూర్వజన్మలో ఏం చేసుకుందో పాపం" అంది. దయచేసి ఆ మాట పిల్ల నెత్తిన పెట్టకండి. పెద్దవాళ్ళకి అది వేదాంతం కావచ్చు, ఆరేళ్ళ పిల్లకి మాత్రం "నేను చెడ్డదాన్ని" అని వినిపిస్తుంది. అలాగని ఆ తల్లిని తిట్టకూడదు. లేనిపోని కథలు కల్పించనూ కూడదు, తరవాత నిజం తెలిస్తే మన మాట మీద నమ్మకం పోతుంది. నేను చెప్పింది ఇంతే: "ఎందుకో నాకు తెలియదమ్మా. పెద్దవాళ్ళకి ఒక్కోసారి పిల్లని పెంచలేనంత కష్టం వస్తుంది. అందులో నీ తప్పు రవ్వంత కూడా లేదు."

మనం కృష్ణుణ్ణి దేవకీనందనుడనీ అంటాం, యశోదానందనుడనీ అంటాం. ఒకరి పేరు చెబితే ఇంకొకరికి లోటు రాదు. అందుకే మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టేటప్పుడు పాప "ఆ అమ్మ చల్లగా వుండాలి" అని దణ్ణం పెట్టుకుంటుంది. మొదట్లో నాకూ కాస్త చివుక్కుమనేది. ఇప్పుడు నేనూ పక్కన నిలబడి అదే కోరుకుంటాను. పద్ధెనిమిదేళ్ళు నిండాక తన పుట్టుక వివరాల కోసం తనంతట తాను అర్జీ పెట్టుకునే వీలు నిబంధనల్లో వుంది. ఆ రోజు వస్తే తోడు వెళ్తానని మావారు ఇప్పటినుంచే అంటున్నారు.

ఇంకొక్క జాగ్రత్త. "నిన్ను తెచ్చి పెంచాం" అన్న మాట ఎంత కోపంలోనూ నోట రానివ్వకూడదు. ఋణానుబంధం అంటాం కదా, ఆ ఋణం పిల్లది ఒక్కదానిదే కాదు, మనదీను. తను వచ్చాకే నన్ను అమ్మా అని పిలిచే గొంతు ఈ ఇంట్లో వినిపించింది. అందుకే పుట్టినరోజుతోపాటు, తను ఇంటికొచ్చిన రోజునా చక్కెరపొంగలి వండి దేవుడికి నైవేద్యం పెడతాం.

చెప్పడమనేది ఒకరోజు కూర్చోబెట్టి ముగించే పని కాదు. అన్నం కలుపుతూ, జడ వేస్తూ, నిద్రపుచ్చుతూ, అడిగినప్పుడల్లా అడిగినంత చెప్పండి. చెప్పిందే మళ్ళీ అడిగితే విసుక్కోకండి. కథ వినాలని కాదు, మనం ఇంకా ఇక్కడే వున్నామా అని చూసుకోవడానికి అడుగుతారు వాళ్ళు.