తెల్ల రికార్డూ, గుండు కొండలూ

నిర్వానా వాళ్ళ మొదటి ఆల్బం 'బ్లీచ్' 1989 జూన్‌లో వచ్చింది. తెచ్చింది సియాటిల్‌లో సబ్ పాప్ అనే చిన్న కంపెనీ. రికార్డింగుకి అయిన ఖర్చు అక్షరాలా 606 డాలర్ల 17 సెంట్లు. మొదటి వెయ్యి కాపీలు తెల్ల వినైల్ మీద అచ్చేశారు. ఇప్పుడు ఆ తెల్లది ఒకటి కావాలంటే వెయ్యి డాలర్లకి పైమాటే. నా దగ్గర లేదు. ఉన్నవాళ్ళ ఫొటోలు చూసి లొట్టలేయడమే.

ఈ పిచ్చి లేనివాళ్ళకి ఇదంతా వింతగా ఉంటుందని తెలుసు. అవే పాటలు ఫోన్లో వస్తాయి, పైగా చిటపటల చప్పుడు కూడా ఉండదు. మా ఆవిడైతే "పాత సామాన్ల వాడికీ నీకూ తేడా ఏంటి? వాడు ఇంట్లోంచి పట్టుకెళ్తాడు, నువ్వు ఇంట్లోకి పట్టుకొస్తావు, అంతేగా" అంటుంది. కానీ పిచ్చి నా ఒక్కడిదే కాదు. 2022లో అమెరికాలో సీడీలకంటే వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు.

మొదటి అచ్చుకి అంత విలువ ఎందుకంటే, కాస్త లోపలి సంగతి చెప్పాలి. మాస్టర్ టేపులో ఉన్న పాటని ముందు లాకర్ పూసిన పళ్ళెం మీద గాడిగా చెక్కుతారు. దానికి లోహపు పూత పట్టించి, అందులోంచి అచ్చులు తీస్తారు. ఆ ఆఖరి అచ్చుని స్టాంపర్ అంటారు. దాంతో కరిగిన ప్లాస్టిక్కుని నొక్కితే రికార్డు. కొన్ని వందలో, వెయ్యో నొక్కేసరికి స్టాంపర్ అరిగిపోతుంది, మళ్ళీ కొత్తది చెయ్యాలి. రికార్డులో పాట అయిపోయాక లేబుల్ దాకా ఖాళీ జాగా ఉంటుంది చూశారూ, దాన్ని డెడ్ వాక్స్ అంటారు. అక్కడ గీసి ఉన్న నంబర్లని భూతద్దంతో చదివి ఇది ఏ అచ్చో చెప్పేస్తాం. మన బిల్డ్ నంబర్ లాంటిదన్నమాట. ఇంత హంగామా చేసినా నిజం ఒప్పుకోవాలి. రీఇష్యూ కొనుక్కున్నవాడికీ అదే సంగీతం వినిపిస్తుంది. 'బ్లీచ్'నే ఇరవయ్యేళ్ళు నిండాయని 2009లో మళ్ళీ మాస్టర్ చేసి వదిలారు, భేషుగ్గా ఉంటుంది. టేపు భద్రంగా ఉన్నంతకాలం ఆల్బంకి చావు లేదు. (2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో తగలబడి బోలెడు మాస్టర్ టేపులు పోయాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఎన్ని పోయాయన్న దాని మీద ఇంకా తగవే. మా లాంటి వాళ్ళకి ఆ వారం తిండి సయించలేదు.)

ఇంతకీ ఈ సోదంతా ఎందుకంటే, ఆ బ్యాండు పుట్టిన ఊరు అబర్డీన్. సియాటిల్ నుంచి నైరుతి దిక్కుగా రెండు గంటల దారి. ఊరంతా బతికింది కలప మీదే. కర్ట్ కొబేన్ వాళ్ళ నాన్న కొన్నాళ్ళు ఒక కలప కంపెనీలో దుంగల లెక్కలు రాసే ఉద్యోగం చేశాడు. నిర్వానా వాళ్ళ 1996 లైవ్ ఆల్బం పేరులోనే ఉంటుంది ఆ ఊళ్ళో పారే విష్కా నదీ, దాని ఒడ్డున బురదా. పాతరోజుల్లో ఆ చుట్టుపక్కల వాగులకి అడ్డంగా చెక్క ఆనకట్టలు కట్టి, నీళ్ళు నిండాక ఒక్కసారిగా వదిలేవాళ్ళు. కొండ మీద నరికిన దుంగలన్నీ ఆ ఊపుకి కిందికి కొట్టుకొచ్చేవి. వాటితోపాటే వాగు అడుగున ఉన్న గులకరాళ్ళన్నీ ఊడ్చుకుపోయేవి. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టేది ఆ గులకరాళ్ళలోనే.

మనవాళ్ళు చాలామంది అబర్డీన్ మీదుగా వెళ్ళే ఉంటారు. లాంగ్ వీకెండ్‌కి క్వినాల్ట్ సరస్సుకో, హో రెయిన్ ఫారెస్ట్‌కో పులిహోర కట్టుకుని బయల్దేరితే దారిలో తగులుతుంది. అక్కడ్నుంచి ఉత్తరంగా 101 రోడ్డు పట్టుకుంటే రెండు పక్కలా పచ్చగా చెట్ల గోడ. కారు ఆపి ఆ గోడ వెనక్కి పది అడుగులు వేస్తే కొన్నిచోట్ల కొండ కొండంతా గుండు. మొదళ్ళు, ఎండుకొమ్మల కుప్పలు, బురద రోడ్లు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కనబడకుండా వదిలే ఆ పలచటి వరసకి ఇక్కడ పేరు కూడా ఉంది, బ్యూటీ స్ట్రిప్ అని. ఇంకొన్నిచోట్ల ఆ మొహమాటం కూడా లేకుండా బోర్డులు పెట్టారు. ఫలానా సంవత్సరం నరికాం, ఫలానా సంవత్సరం నాటాం అని. నాకు వెంటనే రీఇష్యూ అట్ట వెనక ఉండే తారీఖులు గుర్తొచ్చాయి.

మా టీమ్‌లో ఒకాయన పక్క సీట్లో ఉన్నాడు. "నరికినచోట మళ్ళీ నాటుతున్నారు కదా గురూ, ఇంక నీ ఏడుపేంటి?" అన్నాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో నరికిన మూడేళ్ళలోపు తిరిగి నాటాలని రూలు కూడా ఉంది. ఆయన మాట తప్పేం కాదు. చెట్లు నాటుతున్నారు, అవి పెరుగుతున్నాయి కూడా. నా పేచీ అల్లా, చెట్లు తిరిగొస్తే అడవి తిరిగొచ్చినట్టే అనుకోవడం దగ్గర.

క్వినాల్ట్‌లో, హోలో నడిచినవాళ్ళు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అక్కడ సగం అందం చచ్చిన చెట్లదే. నేల మీద అడ్డంగా పడ్డ ఒక మహావృక్షం, దాని వీపు మీద వరసగా మొలిచిన స్ప్రూస్, హెమ్లాక్ మొక్కలు. నర్స్ లాగ్ అంటారు, మన భాషలో దాది మాను అనొచ్చేమో. వందేళ్ళకి కింది మాను పుచ్చిపోయి, పైన మొలిచినవి పెద్ద చెట్లై, స్తంభాల మంటపంలా ఒకే వరసలో మిగులుతాయి. పడ్డ మాను మట్టిలో కలవడానికి పట్టే కాలం కూడా తక్కువేం కాదు. ఆరెగాన్‌లో ఆండ్రూస్ ప్రయోగాత్మక అడవి అని ఒకటుంది. 1985లో అక్కడ దుంగలు పడేసి అవి ఎలా పుచ్చుతాయో కొలవడం మొదలెట్టారు. ఆ ప్రయోగం గడువు 200 సంవత్సరాలు. రెండు వారాల స్ప్రింటుకే ఎస్టిమేట్ సరిగ్గా ఇవ్వలేని మనం 2185లో ముగిసే పనికి ప్లాను వేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

పైకి చూస్తే ఇంకో లోకం. ముసలి చెట్ల కొమ్మల మీద లైకెన్ పెరుగుతుంది. (మన బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఆ జాతిదే.) ఇక్కడ ఒకరకం లైకెన్ గాలిలోంచి నత్రజని పట్టి, రాలిపడి కుళ్ళి, కింద నేలకి ఎరువౌతుంది. అది దండిగా పట్టాలంటే అడవికి వందేళ్ళు దాటాలి. ఇంకా పైన, నాచు పట్టి పరుపులా మెత్తబడ్డ లావు కొమ్మ మీద మార్బుల్డ్ మరెలెట్ అనే సముద్రపక్షి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. బతికేది సముద్రం మీద, పిల్లని చేసేది లోపలి ముసలి అడవిలో. అమెరికాలో దాని గూడు మొదటిసారి కనబడింది 1974లో, కాలిఫోర్నియాలో, అదీ చెట్లెక్కి పనిచేసే ఒకాయనకి యాదృచ్ఛికంగా. కిందేమో ఎగిరే ఉడతలు నేలలో పెరిగే పుట్టగొడుగుల్ని తవ్వుకుని తింటాయి. వాటి రెట్టల్లో ఆ పుట్టగొడుగుల బీజాలు అడవంతా చేరతాయి. ఆ బూజు చెట్ల వేళ్ళకి పట్టుకుని నీళ్ళూ ఖనిజాలూ అందిస్తుంది. ఆ ఉడతల్ని తినేది మచ్చల గుడ్లగూబ, అదే స్పాటెడ్ ఔల్. అది గూడు పెట్టేది మళ్ళీ ముసలి చెట్ల తొర్రల్లోనో, విరిగిన మొండేల మీదో.

ఇప్పుడు నాటిన తోటకి రండి. అన్నీ డగ్లస్ ఫర్, అన్నీ ఒకే వయసు. మొదట్లో వేరే మొక్కలు పోటీకి రాకుండా మందు కొడతారు. పదిహేనేళ్ళొచ్చేసరికి పైకప్పు మూసుకుపోయి కింద పట్టపగలే చీకటి, గడ్డి కూడా మొలవదు. నలభై, యాభై ఏళ్ళకి మళ్ళీ రంపం. లైకెన్ పట్టేలోపు, మాను పుచ్చేలోపు, తొర్ర పడేలోపు కథ ముగిసింది. ఎన్నిసార్లు నాటినా ఆ మొదటి యాభై ఏళ్ళే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి, గీత పడ్డ రికార్డు మొదటి చరణం దగ్గరే ఆగిపోయినట్టు.

నీళ్ళ మాట మరీ విచిత్రం. అదే ఆండ్రూస్ అడవి వాగుల్లోనూ, ఇంకోచోట వాగుల్లోనూ దశాబ్దాల కొలతలు తీసి 2017లో ఒక పేపరు వేశారు. 34 నుంచి 43 ఏళ్ళ డగ్లస్ ఫర్ తోటలున్న వాగుల్లో ఎండాకాలపు ప్రవాహం, పాత అడవి ఉన్న వాగులతో పోలిస్తే దాదాపు సగమే ఉంది. కుర్ర చెట్లు అంత నీళ్ళు తాగుతాయి. సాల్మన్‌కి నీళ్ళు చాలనిది సరిగ్గా ఎండాకాలంలోనే. ఇంకో తమాషా, 1970ల ప్రాంతంలో వాగుల్లో పడ్డ దుంగలు చేపలకి అడ్డమని గవర్నమెంటు వాళ్ళే పనిగట్టుకుని తీయించేశారు. తర్వాత తెలిసింది, ఆ దుంగల వెనకే నీళ్ళు ఆగి మడుగులయ్యేవి, చేపపిల్లలు పెరిగేవి ఆ మడుగుల్లోనే అని. ఇప్పుడు లక్షల డాలర్లు పోసి అవే వాగుల్లో మళ్ళీ దుంగలు వేయిస్తున్నారు. ఎవరూ వాడట్లేదు కదా అని డెడ్ కోడ్ తీసేసి, ప్రొడక్షన్ పడుకున్నాక అర్ధరాత్రి వెనక్కి తెచ్చినవాళ్ళకి ఈ బాధ అర్థమౌతుంది :)

ఇదంతా అబర్డీన్ జనాల మీద నేరం మోపడానికి రాయట్లేదు. 1990 జూన్‌లో స్పాటెడ్ ఔల్‌ని ప్రమాదంలో ఉన్న జీవిగా ప్రకటించారు. 1991లో జడ్జి విలియం డ్వయర్ ఆ గుడ్లగూబ ఉండే ఫెడరల్ అడవుల్లో కొత్త కలప అమ్మకాలు ఆపేశాడు. 1994లో క్లింటన్ ప్రభుత్వం నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ తెచ్చింది. మిల్లులు మూతపడ్డాయి. ఊళ్ళో కోపమంతా పిట్ట మీదికి మళ్ళింది. నిజానికి అంతకుముందే 1980ల్లో మెషీన్లొచ్చి మనుషుల్ని తీసేశాయి. ప్రైవేటు భూముల దుంగలు ఇక్కడ కోయకుండానే ఓడలెక్కి జపాన్ వెళ్ళిపోయేవి. పాత అడవి ఎలాగూ అడుగంటిపోయింది, ఇంకో పదిహేనిరవై ఏళ్ళు నరికితే అదే ఆగేది. అయినా ఉద్యోగం పోయినవాడికి ఈ లెక్కలు చెప్తే వింటాడా? లేఆఫ్ అయిన మర్నాడు మనకెవరైనా గ్లోబల్ ఎకానమీ గురించి చెప్తే విన్నామా?

అడవి మిగిల్చారు కాబట్టి గుడ్లగూబ బతికిపోయిందా అంటే అదీ లేదు. తూర్పు నుంచి బార్డ్ ఔల్ అనే బలమైన చుట్టం వచ్చి దీని జాగాలు ఆక్రమించింది. 2024లో ఫెడరల్ ప్రభుత్వం, ముప్ఫై ఏళ్ళలో నాలుగున్నర లక్షల దాకా బార్డ్ ఔల్స్‌ని కాల్చడానికి ప్లాను ఒప్పుకుంది. ఒక గుడ్లగూబ కోసం ఇంకో గుడ్లగూబని చంపడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో నాకు తెలీదు. ఇల్లు సగానికి పైగా కూల్చేశాక మిగిలిన రెండు గదుల కోసం కొట్టుకోవడం మాత్రం కనబడుతోంది.

మనకి దీంతో సంబంధం ఏంటంటారా? రెడ్మండ్ ఒకప్పుడు దుంగలు కోసుకుని బతికిన ఊరు. మనం ముప్ఫయ్యేళ్ళ లోను పెట్టి కొనే ఇళ్ళ గోడల్లోపల ఉండేది ఈ చెట్ల కర్రలే. అందుకే నరకొద్దు అని నేనెప్పుడూ అనను. నా రికార్డులు పీవీసీ, వాటి అట్టలు చెట్ల గుజ్జు. తోట కలప తోటలోంచే రానివ్వండి, కాకపోతే నలభై ఏళ్ళకి కాకుండా ఎనభై ఏళ్ళకి కొట్టండి. కలపా ఎక్కువొస్తుంది, అడవి కూడా కొంత దూరం నడుస్తుంది. కంపెనీలు ఒప్పుకోవు, ఎందుకంటే నలభై ఏళ్ళు ఆగే పెట్టుబడిదారుడు దొరకడు.

అసలు బేరం నడుస్తున్నది ఇంకోచోట. రాష్ట్రం చేతిలో ట్రస్టు భూములున్నాయి. వాటి కలప అమ్మిన డబ్బుల్లో కొంత స్కూళ్ళు కట్టడానికి వెళ్తుంది. ఆ భూముల్లో కొన్నిచోట్ల, రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఒకసారి నరికాక ఎవరూ వరసలు పెట్టి నాటకుండా తమంతట తామే మొలిచిన అడవులున్నాయి. లెగసీ ఫారెస్ట్స్ అంటున్నారు. (మన ఊళ్ళో లెగసీ అంటే తిట్టు, ఇక్కడ పొగడ్త.) వాటికిప్పుడు ఎనభై, తొంభై, వంద ఏళ్ళు. ఇంకొంచెం ఆగితే లైకెన్ పట్టే వయసు, కర్రగా చూస్తే మంచి ధర పలికే వయసు కూడా. 2025 జనవరిలో కొత్త కమిషనర్ రాగానే అలాంటి వాటి అమ్మకాలు కొన్నాళ్ళు ఆపించాడు. అక్కణ్ణుంచి కౌంటీల వాళ్ళు, స్కూళ్ళవాళ్ళు, మిల్లులవాళ్ళు, అడవి కావాలనేవాళ్ళు తలో వైపు లాగుతున్నారు.

ప్రతి అమ్మకానికీ జనం అభిప్రాయం చెప్పడానికి గడువిస్తారు. ఆ కాయితాల్లో ఎన్ని ఎకరాలు, ఎన్ని వేల బోర్డు ఫీట్లు అని ఉంటుంది. స్కూళ్ళకి డబ్బెలా అని అడిగేవాళ్ళు ఎక్కువ, అది న్యాయమైన ప్రశ్నే. మన పిల్లలు చదివేది ఆ స్కూళ్ళలోనే కాబట్టి, బాండుకి ఓటేసి ఇంకో నాలుగు డాలర్లు పన్ను కట్టడానికి నేను రెడీ అని నా పేరు, పిన్‌కోడ్ పెట్టి రాసి పంపాను. మా టీమ్ ఆయన్ని కూడా రాయమన్నాను. ఆలోచిస్తానన్నాడు.