అందులో లేదు

నలభై మూడో ఏట ఆడది చేయవలసిన పనులు చాలా ఉంటాయని మా అత్తయ్యగారి అభిప్రాయం. ఆవకాయ పెట్టాలి, కూతురి పెళ్ళికి అరతులమో తులమో కూడబెట్టాలి, కార్తీకమాసంలో గోదావరి స్నానానికి వెళ్ళాలి. ఇంగ్లీషు చదవడం నేర్చుకోవడం వాటిలో లేదు. ఒకనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు వంటింట్లో దీపం వెలుగుతుండడం చూసి ఆవిడ లేచి వచ్చి, "ఏమిటే అమ్మాయీ, పాలు విరిగాయా?" అన్నారు. నేను పుస్తకం చూపించాను. ఆవిడ పుస్తకాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, మరేమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు.

నర్సువు కదా, రోజూ ఇంగ్లీషులోనే కదా నీ పని, నీకిప్పుడు కొత్తగా చదవడమేమిటి అని మీరనవచ్చు. కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫు నర్సును. పదో తరగతిదాకా తెలుగు మీడియం. తరువాత మూడేళ్ళ నర్సింగు కోర్సు ఇంగ్లీషులో చదివాను. చదివానంటే, బట్టీ పట్టాను. గుండెకు ఎన్ని గదులో ఇంగ్లీషులో గడగడ చెప్పగలను గాని, అదే సంగతి వేరే మాటల్లో రాసి ఇస్తే గుర్తుపట్టలేను. డాక్టరుగారి గిలుకుడు రాత చదవగలను. ఒక పేజీడు వ్యాసం చదవమంటే మాత్రం రెండో పేరాకు వచ్చేసరికి మొదటి పేరా మరిచిపోతాను.

ఇంతకీ ఈ అవస్థ ఎందుకంటే, మావారి అచ్చాఫీసు. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో మా మామగారు పెట్టినది. తరువాత ఆఫ్‌సెట్టు వచ్చింది, ఫ్లెక్సీలు వచ్చాయి, ఇప్పుడు శుభలేఖలు ఫోన్లోనే పంపేస్తున్నారు. పెళ్ళిళ్ళు తగ్గలేదు, కార్డులు తగ్గాయి. అమ్మాయి ఇంటర్మీడియెట్టు చదువుతోంది. ఆసుపత్రిలో నాతో పనిచేసిన ఇద్దరు పిల్లలు ఇంగ్లండు వెళ్ళి ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళు అక్కడి జీతం చెబితే అబద్ధమేమో అనుకున్నాను. అబద్ధం కాదు.

అక్కడ నర్సుగా పేరు నమోదు చేసుకోవాలంటే ముందు ఇంగ్లీషు వచ్చునని రుజువు చూపాలి. అందుకు రాసే పరీక్షల్లో ఒకటి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. 1989 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. ఆసుపత్రి మాటలతోనే సాగే ఓ.ఇ.టి. అని ఇంకొకటి ఉంది గాని, దాని ఫీజు విని ఆ మాట ఎత్తలేదు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని మొదటిదానిలో నాలుగు భాగాలు. మార్కులు తొమ్మిదికి వేస్తారు. నర్సులకు రాయడంలో 6.5 వచ్చినా సరిపోతుంది, మిగిలిన మూడింటిలోనూ 7 రావాలి. చదవడంలో మూడు పెద్ద వ్యాసాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. సుమారు 30 సరిగ్గా చెబితే 7 వస్తుంది.

ఊళ్ళో ఒక కోచింగు సెంటరులో చేరాను. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు. మొదటిరోజున లోపలికి వెళితే ఒక కుర్రవాడు లేచి, "ఆంటీ, పేరెంట్సు మీటింగు ఇవాళ కాదండీ" అన్నాడు. పాపం, మంచి పిల్లవాడే. తరువాత నాకు రోజూ కుర్చీ పట్టి ఉంచేవాడు. పాఠం చెప్పే సారుకు ఇరవై ఆరేళ్ళుంటాయేమో. "వ్యాసమంతా చదవకండి మేడమ్, ముందు కళ్ళతో తుడవండి" అనేవారు. ఇల్లు తుడవడం వచ్చు గాని, కళ్ళతో తుడవడం నాకు వస్తేనా!

ఇంట్లో మా అమ్మాయి గురువు. కన్నబిడ్డ దగ్గర పాఠం నేర్చుకోవడంకంటె కష్టమైన పని లేదు. "అమ్మా, ఎందుకలా పెదవులు కదుపుతావు?" అని గదిమేది. నిజమే, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, తెలియని మాట దగ్గర ఆగిపోయి, నిఘంటువు తీసి, అర్థం రాసుకుని, తిరిగి వచ్చేసరికి వాక్యం ఎక్కడ మొదలైందో మరిచిపోయేదాన్ని. అలా రెండు నెలల్లో రెండు నోటుపుస్తకాలు నిండాయి. చదవడం మాత్రం ఒక్క అంగుళం ముందుకు పోలేదు.

మొదటిసారి సామర్లకోటలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి రాశాను. ఫీజు పదిహేను వేల పైమాటే. మూడో వ్యాసం సగంలో ఉండగా కంప్యూటరు తెర మీద కాలం అయిపోయింది. చదవడంలో 5.5 వచ్చింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని తుని వచ్చేదాకా ఏడ్చాను. ఆ డబ్బు అమ్మాయి కాలేజీ ఫీజులోది. ఆ సంగతి అత్తయ్యగారికి ఇప్పటికీ తెలియదు. ఈ వారపత్రిక ఆవిడ చదవరని ధైర్యం.

తరువాత ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చుని ఒక తెలుగు సీరియల్ చదువుతున్నాను. చదువుతూ చదువుతూ నన్ను నేనే గమనించుకున్నాను. పెదవులు కదలడంలేదు. కళ్ళు పంక్తి మీద జారిపోతున్నాయి. తెలియని సంస్కృత సమాసం ఒకటి వస్తే ఆగానా? ఆగలేదు. కథలో ముందుకు పోయాను. పన్నెండేళ్ళప్పుడు మా అమ్మమ్మ దిండు కింద దాచిన పత్రికలు దొంగతనంగా చదివినప్పుడు నాకు సగం మాటలు తెలియవు. అయినా ఏ అత్త ఏ కోడల్ని ఏం చేసిందో ఒక్కటీ వదలలేదు. మరి ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ప్రతి మాటకూ ఎందుకు దణ్ణం పెడుతున్నాను? ఆ రోజే నిఘంటువును అలమరలో పెట్టేశాను. రోజూ ఒక వ్యాసం, ఇరవై నిమిషాలు, తెలియని మాట వస్తే దాని పాపాన దాన్ని వదిలేసి సాగిపోవడం. నెలతిరిగేసరికి వేగం వచ్చింది.

కాని వేగం వచ్చినా నన్ను ముంచేది ఇంకొకటి మిగిలింది. ఆ పరీక్షలో ఒక తరహా ప్రశ్న ఉంటుంది. ఒక వాక్యం ఇస్తారు. వ్యాసం ఆ మాటే చెబితే 'ట్రూ' అని, దానికి విరుద్ధంగా చెబితే 'ఫాల్స్' అని, అసలు ఆ సంగతే ఎత్తకపోతే 'నాట్ గివెన్' అని పెట్టాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలాగే ఉంటుంది. నాకు సగానికి సగం తప్పులు వచ్చేవి.

ఒకరోజు అభ్యాసానికి ఇచ్చిన వ్యాసం ఫ్లారెన్స్ నైటింగేల్ గురించి! నా పంట పండిందనుకున్నాను. క్రిమియా యుద్ధంలో ఆవిడ 1854లో 38 మంది నర్సులతో స్కుటారి వెళ్ళడం, మురుగు కాలువలు బాగుచేశాక అక్కడి ఆసుపత్రిలో చావులు తగ్గడం, 1860లో లండనులో ఆవిడ పేరుతో నర్సుల పాఠశాల తెరవడం, ఇవన్నీ నేను ఎప్పుడో వల్లించినవే. ప్రశ్నల్లో ఒకటి: నైటింగేల్ తాను జర్మనీలో తరిఫీదు పొందింది. ఎందుకు పొందలేదు? 1851లో కైజర్స్‌వెర్త్‌లో పొందింది. అది రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ధీమాగా 'ట్రూ' పెట్టాను. జవాబు చూస్తే 'నాట్ గివెన్'.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది నిజమే! కావాలంటే నా పాత పుస్తకం చూడు" అని అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. "నిజమే అయితే కానీ అమ్మా, వ్యాసంలో లేదు కదా" అన్నది. "లేకపోతే మాత్రం? జరిగింది జరగలేదంటారా?" అన్నాను. అది తల పట్టుకుని లేచిపోయింది.

మావారు పక్క గదిలో ఒక కరపత్రం ప్రూఫు దిద్దుకుంటున్నారు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకే ఈ మూడు నెలలూ ఆయన్ను ఏమీ అడగలేదు. ఆయనే లేచి వచ్చి, "ఒకసారి మనం రెండోమాటు ఊరికే వేసి ఇచ్చిన శుభలేఖలు జ్ఞాపకం ఉన్నాయా?" అన్నారు.

ఎందుకు లేవు? అయిదు వందల కార్డులు. పెళ్ళికూతురి తండ్రి పేరు పడలేదు. ఇంటిపేరు పడింది, ఊరు పడింది, "కుమార్తె" అని పడింది, ఎవరి కుమార్తో పడలేదు. ప్రూఫు ఆ పెద్దమనిషి చూశారు, ఆయన భార్య చూసింది, బావమరిది చూశాడు. అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టి ఇచ్చారు.

"ఎవరికీ ఎందుకు కనబడలేదంటావు?" అన్నారు మావారు. "ఆయన పేరు వాళ్ళందరికీ తెలుసు. తెలిసినదాన్ని కళ్ళు అక్కడ పెట్టేసుకుంటాయి. నేనూ పొరపాటు పడ్డాను, ఆయన నాకూ పాతికేళ్ళనాటి స్నేహితుడు. నువ్వు తెలిసింది చదువుతున్నావు. అచ్చయింది చదవడంలేదు."

ఆయన తన పద్ధతి చూపించారు. పంక్తి కింద స్కేలు పెడతారు. తరువాతి పంక్తి కనబడనివ్వరు. కొన్నిసార్లు చివరి పంక్తినుంచి మొదటికి చదువుతారు, అర్థం వెంట కొట్టుకుపోకుండా. "ప్రశ్న చదువు. జవాబు ఏ పంక్తిలో ఉందో వేలు పెట్టి చూపించు. వేలు ఆనకపోతే అందులో లేనట్టే" అన్నారు.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన పని ఏమిటో నాకు ఆ రాత్రి తెలిసింది. తప్పులు దిద్దడమంటే వత్తులూ దీర్ఘాలూ చూసుకోవడం కాబోలు అనుకునేదాన్ని.

అప్పటినుంచి రోజూ రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం కూర్చునేవాళ్ళం. వ్యాసం నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. ప్రశ్న కూడా చెప్పేదాన్ని. ఆయన "వేలేదీ?" అనేవారు. అంతే ఆయన పాఠం. ప్రశ్నలో ఉన్న మాటే వ్యాసంలో ఉండదు, వేరే మాటతో అదే అర్థం ఉంటుంది, అది పట్టుకోవడం నా వంతు. "కొందరు" అని వ్యాసంలో ఉంటే ప్రశ్నలో "అందరు" అని పెట్టి పడగొడతారు, అది ఆయనే ముందు కనిపెట్టారు. ఇంగ్లీషు రాని మనిషి! అత్తయ్యగారు మంచం మీదనుంచి, "ఈ వయస్సులో వీళ్ళ గుసగుసలేమిటో" అనేవారు.

ఇంకొక సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక ఉదయం డ్యూటీకి వెళ్ళి కేసు షీట్లు చూస్తున్నాను. ఒక ముసలాయనకు ఆరు గంటలకు ఇవ్వవలసిన ఇన్సులిన్ గడి ఖాళీగా ఉంది. రాత్రి డ్యూటీ చేసిన పిల్ల చాలా జాగ్రత్త మనిషి. ఇచ్చే ఉంటుంది, రాయడం మరిచి ఉంటుంది అని వెనకటి రోజుల్లో అయితే అనుకునేదాన్నే. రాయనిది చేయనట్టే అని మాకు మొదటి ఏడాదిలోనే చెబుతారు, ఇరవై ఏళ్ళలో అది అరిగిపోతుంది. ఆ రోజు వేలు ఆ ఖాళీ గడి మీద ఆగిపోయింది. ఆ పిల్లకు ఫోను చేశాను. ఇవ్వలేదట. అదే సమయానికి పక్క మంచం రోగికి ఆయాసం వచ్చి, ఆ హడావిడిలో పడిపోయింది. సుగరు చూసి డాక్టరుగారికి చెప్పాను. ఏమీ కాలేదు, సకాలంలో సర్దుకుంది. ఆ పిల్ల సాయంత్రం వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇది ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పుణ్యమని దానికేం తెలుసు?

రెండోసారి నాలుగు భాగాలూ మళ్ళీ రాయాలనుకున్నాను, ఫీజు మళ్ళీ కట్టవలసిందే. నా గాజులు రెండు బ్యాంకులో పెట్టాము. ఈమాటు కూడా రైల్లోనే వెళ్ళాను. మూడో వ్యాసం సముద్రపు నాచు గురించి. నాచు గురించి నాకు బొత్తిగా ఏమీ తెలియదు. అంతకంటె అదృష్టం ఏముంటుంది! ఆరు నిమిషాలు ముందే అయిపోయింది.

ఫలితం వచ్చిన రోజున నేను డ్యూటీలో ఉన్నాను. అమ్మాయి ఫోను చేసి అరిచిన అరుపుకు వార్డులో రోగులు ఉలిక్కిపడ్డారు. చదవడంలో 7. రాయడంలో సరిగ్గా 6.5. మిగిలినవి పైనే. ఇంటికి వెళ్ళేసరికి మావారు ఆ కాగితాన్ని ప్రింటు తీసి, బల్ల మీద పెట్టుకుని, పంక్తి కింద స్కేలు పెట్టి చూస్తున్నారు. నా పేరు అక్షరం అక్షరం చదివారు. పుట్టినతేదీ చూశారు. మార్కులు చూశారు. మళ్ళీ మొదటినుంచి చూశారు.

ఇంకా ఒక కంప్యూటరు పరీక్ష ఉంది, అక్కడికి వెళ్ళాక చేతిపని పరీక్ష ఇంకొకటి ఉంది. ఈ మార్కులు రెండేళ్ళే చెల్లుతాయి. అవన్నీ ఆయనకు తెలుసు. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అమ్మాయి ఆవిడ వెనకాల ఉంది.

"అయితే ఎప్పుడు వెళతావు?" అన్నారు మావారు, కాగితం మీదనుంచి తల ఎత్తకుండానే.

"అందులో లేదండీ" అన్నాను.

ఆయన స్కేలు తీసి పక్కన పెట్టారు. అత్తయ్యగారు, "కాళ్ళు కడుక్కుని రా అమ్మాయీ, అన్నం చల్లారిపోతోంది" అన్నారు.