చిన్న సెంటర్‌లో నేరాల లెక్క

అమెరికాలో కాలేజీ సెంటర్ అంటే ప్రధాన క్యాంపస్‌కు దూరంగా, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల కోసం కాలేజీ నడిపే చిన్న శాఖ. కొన్ని తరగతి గదులు, ఒక కంప్యూటర్ ల్యాబు, అడ్మిషన్లూ ఫీజులూ చూసే ఒక కౌంటరు, బయట పార్కింగు. చాలాచోట్ల ఇంతే. హాస్టలు ఉండదు. విద్యార్థుల్లో చాలామంది పని ముగించుకుని సాయంత్రం కార్లలో వచ్చి, క్లాసు కాగానే ఇంటిదారి పట్టేవాళ్లు. కాలిఫోర్నియాలోని మడేరా కమ్యూనిటీ కాలేజీకి ఓక్‌హర్స్ట్‌లో ఉన్న సెంటర్ ఈ కోవలోదే. యోసెమిటీ జాతీయవనం దక్షిణ ద్వారానికి వెళ్లే 41వ నంబరు రహదారి మీద, సియెరా కొండల దిగువన ఉంటుంది ఆ ఊరు. దానికి మునిసిపాలిటీ లేదు కాబట్టి ఊరి పోలీసులూ లేరు. శాంతిభద్రతలు మడేరా కౌంటీ షెరిఫ్ చూసుకోవాలి. కాలేజీ డిస్ట్రిక్టుకు సొంత పోలీసు విభాగం ఉన్నా, దాని పెద్ద క్యాంపస్‌లన్నీ కింద మైదానంలో, ఫ్రెస్నో చుట్టుపక్కల ఉన్నాయి. ఇలాంటి చోట ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి, చెప్పింది ఎక్కడ నమోదవుతుంది? భద్రతా విధానమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. కెమెరాలు ఎన్ని ఉన్నాయన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ లెక్కలు రాయించే చట్టం ఒక హత్యతో మొదలైంది. 1986 ఏప్రిల్ 5 తెల్లవారుజామున పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల విద్యార్థినిపై, ఆమె హాస్టలు గదిలోనే, అక్కడే చదివే ఒక విద్యార్థి అత్యాచారం చేసి చంపేశాడు. వాటంతటవే తాళం పడాల్సిన తలుపులకు ఎవరో పిజ్జా పెట్టెలు అడ్డం పెట్టి వదిలేస్తే, అతడు ఆ తలుపుల్లోంచే లోపలికి వచ్చాడు. అంతకుముందు మూడేళ్లలో ఆ క్యాంపస్‌లో 38 హింసాత్మక నేరాలు జరిగాయని క్లెరీ దంపతులకు కూతురు పోయాకే తెలిసింది. వాళ్లు కోర్టుకు వెళ్లారు, ఒక సంస్థ పెట్టారు, చట్టసభల చుట్టూ తిరిగారు. 1990 నవంబరులో అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ సంతకంతో ఫెడరల్ చట్టం వచ్చింది. 1998లో దానికి జీన్ క్లెరీ పేరు పెట్టారు. ఫెడరల్ ప్రభుత్వ విద్యార్థి సహాయ నిధులు అందుకునే ప్రతి కాలేజీకీ అది వర్తిస్తుంది. నేరాలను ఆపమని కాదు ఆ చట్టం చెప్పేది, దాచొద్దని.

చిన్న శాఖ కదా అని మినహాయింపు దొరకదు. స్థలం కాలేజీ సొంతమో, అద్దెకు తీసుకుని దాని అధీనంలో ఉన్నదో అయి ఉండాలి. ప్రధాన క్యాంపస్‌కు ఆనుకుని ఉండకూడదు. ఒక పద్ధతి ప్రకారం సాగే కోర్సు అక్కడ నడవాలి. పాలనా బాధ్యతలు చూసే మనిషి ఒక్కరైనా అక్కడ ఉండాలి. ఈ నాలుగూ ఉన్న సెంటర్‌ని ప్రత్యేక క్యాంపస్‌గానే లెక్కగడతారు. కాలేజీ అన్నిటికీ కలిపి ఒకే నివేదిక అచ్చు వేయవచ్చు గానీ, నేరాల పట్టిక మాత్రం ప్రతి క్యాంపస్‌కీ విడిగా ఉండాల్సిందే.

సెంటర్‌కి వచ్చినవాళ్లు మొదట అడుగుపెట్టేది పార్కింగులో. క్లెరీ చట్టం గీసే సరిహద్దు కూడా అక్కడి నుంచే అర్థమవుతుంది. పార్కింగు క్యాంపస్‌లో భాగం. దాన్ని ఆనుకుని ఉన్న కాలిబాట, రోడ్డు, రోడ్డుకు అవతలి కాలిబాట వరకు ప్రజాస్థలం. అక్కడ జరిగినదీ లెక్కలోకి వస్తుంది. ఆ అవతలి కాలిబాట దాటి కాఫీ కొట్టు గుమ్మం ఎక్కితే లెక్క ఆగిపోతుంది. ఆఫీసు భవనంలో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని నడిపే సెంటర్ అయితే ఆ అంతస్తుతోపాటు, అక్కడికి చేరడానికి విద్యార్థులు వాడే మెట్లు, లిఫ్టు, ఒప్పందంలో ఉన్న పార్కింగు కూడా చేరతాయి. సాయంత్రాలు హైస్కూలు గదులు తీసుకుని క్లాసులు చెబితే, ఒప్పందంలో రాసుకున్న గదులకు, ఆ వేళలకు మాత్రమే బాధ్యత.

ఏది నేరంగా లెక్కకు వస్తుందన్నది ఇంకా చిత్రం. పార్కింగులో కారు ఎత్తుకుపోతే పట్టికలో ఒక అంకె పెరుగుతుంది. అదే కారు కింద దూరి క్యాటలిటిక్ కన్వర్టర్ కోసుకుపోతే పెరగదు, అది మామూలు దొంగతనం. లైబ్రరీ బల్ల మీద పెట్టిన ల్యాప్‌టాప్ మాయమైతే పట్టికకు ఎక్కదు. తాళం వేసిన స్టాఫు గదిలోకి దూరి అదే ల్యాప్‌టాప్ ఎత్తుకుపోతే ఎక్కుతుంది. హత్య, లైంగిక నేరాలు, దోపిడీ, తీవ్రమైన దాడి, ఇలా చొరబడి చేసే దొంగతనం, వాహన చోరీ, గృహదహనం లాంటి నిప్పు నేరాలు పట్టికలో ఉంటాయి. మద్యం, మాదకద్రవ్యాలు, ఆయుధాల విషయంలో జరిగిన అరెస్టులు, క్రమశిక్షణ చర్యలు వేరే గడిలో. 2013 సవరణతో గృహహింస, ప్రేమ సంబంధంలో హింస, వెంటపడి వేధించడం చేరాయి. మామూలు దొంగతనం పట్టికకు ఎక్కేది ఒక్క సందర్భంలోనే: జాతి, మతం, పుట్టిన దేశం వంటి కారణంతో ద్వేషం పెట్టుకుని చేసినప్పుడు. సామాన్య విద్యార్థికి ఎక్కువగా తగిలే నష్టం ల్యాప్‌టాపో, పర్సో, కారు అద్దమో పోవడం. అదే ఈ పట్టికలో కనిపించకపోవడం పెద్ద లోపమే.

లోపలికి వెళితే కౌంటరు. సెంటర్‌లో ఏ ఫిర్యాదైనా మొదట చేరేది ఇక్కడికే. నేర సమాచారం చెవిన పడితే పైకి పంపాల్సిన బాధ్యత ఉన్నవాళ్లకు చట్టం ఒక హోదా ఇచ్చింది, క్యాంపస్ సెక్యూరిటీ అథారిటీ అని. గార్డు, విద్యార్థి వ్యవహారాలు చూసే డీను, ఆటల కోచ్, క్లబ్బు సలహాదారు, సెంటర్ డైరెక్టరు ఇందులోకి వస్తారు. పాఠం చెప్పి వెళ్లిపోయే అధ్యాపకులు రారు. కానీ అదే అధ్యాపకురాలు ఫొటోగ్రఫీ క్లబ్బుకు సలహాదారుగా ఉంటే వస్తారు. పెద్ద యూనివర్సిటీలో ఈ పని కోసమే ఒక ఉద్యోగి ఉంటారు. చిన్న సెంటర్‌లో డైరెక్టరే అడ్మిషన్లు చూడాలి, ప్రింటర్ చెడిపోతే మనిషిని పిలిపించాలి, ఈ బాధ్యతా మోయాలి. వాళ్లకు ఏటా శిక్షణ ఇవ్వడం మంచిదని అందరూ ఒప్పుకుంటారు. ఆ శిక్షణ ప్రధాన క్యాంపస్‌లో మధ్యాహ్నం పూట పెడితే సెంటర్ మూసి వెళ్లేదెవరు?

ఈ హోదా ఉన్నవాళ్లు దర్యాప్తు చేయకూడదు. నిజమో అబద్ధమో తేల్చకూడదు. పోలీసుల దగ్గరికి వెళ్లమని బలవంతమూ చేయకూడదు. మంచి నమ్మకంతో చెప్పిన మాటను చెప్పినట్టుగా భద్రతా కార్యాలయానికి చేరవేయాలి. లెక్కకు పేరు అక్కర్లేదు. బాధితురాలు పేరు చెప్పొద్దంటే చెప్పకుండానే అంకె చేర్చవచ్చు. కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్న కౌన్సెలరుకు, మతగురువుకు మాత్రం ఆ వృత్తిలో ఉండగా విన్నది పైకి పంపాల్సిన పని లేదు. ఫిర్యాదు నిరాధారమని కొట్టేసే అధికారం ప్రమాణం చేసిన పోలీసు అధికారికే ఉంది. డీనుకు లేదు, డైరెక్టరుకు అంతకన్నా లేదు. చట్టంలో నిజంగా పదునున్న నిబంధన ఇదే అనాలి. కాలేజీ పరువు కోసం ఫిర్యాదును పెదవి విరిచి పక్కనపెట్టే అలవాటుకు ఇది కొంతవరకు అడ్డుకట్ట.

కాలేజీకి సొంత పోలీసులో, సెక్యూరిటీ విభాగమో ఉంటే రోజువారీ నేరాల రిజిస్టరు పెట్టాలి. కాంట్రాక్టు గార్డులు ఉన్నా సరే. ఫిర్యాదు అందిన రెండు పనిదినాల్లో నేరం ఏమిటో, ఎప్పుడు జరిగిందో, ఎప్పుడు తెలిసిందో, సుమారుగా ఎక్కడో, కేసు ఏమైందో రాయాలి. గత 60 రోజుల పేజీలు పనివేళల్లో ఎవరడిగినా చూపించాలి. అడిగినవాడు విద్యార్థి కానక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. పట్టికకు ఎక్కని ల్యాప్‌టాప్ దొంగతనం ఈ రిజిస్టరులో ఉంటుంది. అందుకే సెంటర్ పరిస్థితి తెలుసుకోవాలంటే ఏడాది నివేదిక కంటే ఈ రిజిస్టరే ఎక్కువ పనికొస్తుంది.

హెచ్చరికలు రెండు రకాలు. దోపిడీ లాంటి నేరం జరిగి, మళ్లీ జరిగే ప్రమాదం ఉంటే అందరికీ సకాలంలో హెచ్చరిక పంపాలి. అది నేరాలకు సంబంధించింది. గ్యాసు లీకు, కార్చిచ్చు, తుపాకీతో తిరిగే మనిషి వంటి తక్షణ ప్రమాదం రూఢి అయితే వెంటనే అత్యవసర సమాచారం ఇవ్వాలి. ఈ రెండోది వర్జీనియా టెక్ ఘటన తర్వాత, 2008లో చేరింది. 2007 ఏప్రిల్ 16న అక్కడ మొదటి కాల్పులు ఉదయం 7:15 ప్రాంతంలో ఒక హాస్టలులో జరిగాయి. విద్యార్థులకు తొలి ఈ-మెయిల్ 9:26కు వెళ్లింది. కాసేపటికే నోరిస్ హాల్‌లో కాల్పులు మొదలయ్యాయి. హంతకుడు కాక మొత్తం 32 మంది చనిపోయారు. రెండు గంటల మౌనం ఎంత ఖరీదైందో దేశమంతా చూసింది. ఓక్‌హర్స్ట్ వంటి కొండ ఊళ్లకు తుపాకీ కంటే నిప్పు భయమే ఎక్కువ. 2020లో క్రీక్ ఫైర్ అనే కార్చిచ్చు ఫ్రెస్నో, మడేరా కౌంటీల కొండల్లో మూడున్నర లక్షల ఎకరాలకు పైగా దహించింది. సెల్ సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే చోట ఫోన్ మెసేజ్ ఒక్కటే నమ్ముకుంటే చాలదు. అందుకే ఏటా కనీసం ఒకసారి ఈ ఏర్పాటును పరీక్షించి, తేదీ, సమయంతో సహా రాసి పెట్టమంటుంది చట్టం.

సెంటర్‌కీ స్థానిక పోలీసులకీ మధ్య ఎవరి పని ఎంతవరకు అన్నది కాలిఫోర్నియాలో మరో విషాదం నేర్పిన పాఠం. శాన్ లూయిస్ ఒబిస్పోలోని కాల్ పాలీ యూనివర్సిటీలో చదివే క్రిస్టిన్ స్మార్ట్ 1996 మేలో కనబడకుండా పోయింది. దర్యాప్తు తొలి రోజుల్లో క్యాంపస్ పోలీసుల చేతుల్లోనే నలిగింది. నిందితుడికి శిక్ష పడేలా తీర్పు రావడానికి 2022 అక్టోబరు దాకా పట్టింది. ఆమె పేరుతో 1998లో రాష్ట్రం తెచ్చిన చట్టం, హింసాత్మక నేరాలను ఎవరు దర్యాప్తు చేయాలో క్యాంపస్, స్థానిక పోలీసుల మధ్య ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలంటుంది.

ఏటా అక్టోబరు 1లోగా వెలువడే నివేదికలో మూడు క్యాలెండరు సంవత్సరాల అంకెలు పక్కపక్కన ఉంటాయి. చిన్న సెంటర్ పట్టికలో చాలా గడుల్లో సున్నాలే కనిపిస్తాయి. సున్నా చూసి నిశ్చింతగా ఉండటం తొందరపాటు. ఏమీ జరగకపోవచ్చు. జరిగినా ఎవరూ చెప్పకపోవచ్చు. రోడ్డుకు అవతల జరిగి లెక్క తప్పి ఉండవచ్చు. షెరిఫ్ ఆఫీసు అంకెలు పంపకపోవచ్చు కూడా. కాలేజీ వాటిని అడగాలి, అడిగినట్టు కాగితం దాచాలి. వాళ్లు ఇవ్వకపోతే చట్టం కాలేజీని తప్పుపట్టదు. నేరం జరిగిన ఏడాది కాక, తెలిసిన ఏడాది కింద లెక్క వేస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి. శిక్షణ బాగా ఇచ్చి, చెప్పుకునే ధైర్యం కల్పించిన సెంటర్‌లో మొదట అంకెలు పెరుగుతాయి. దాన్ని చెడ్డపేరుగా చూడటం అన్యాయం.

దాచిన కాలేజీలకు జరిమానాలు గట్టిగానే పడ్డాయి. 2016లో పెన్ స్టేట్‌కు దాదాపు 24 లక్షల డాలర్లు, 2019లో మిషిగన్ స్టేట్‌కు 45 లక్షలు, 2024లో లిబర్టీ యూనివర్సిటీకి 1 కోటి 40 లక్షలు. అదే ఏడాది డిసెంబరులో చేసిన సవరణతో హేజింగ్, అంటే మన ర్యాగింగ్ లాంటిది, లెక్కలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. కానీ ప్రతి కాలేజీ తన నేరాల పట్టికను ఏటా జనం ముందు పెట్టాలనే నియమం మన దగ్గర ఇప్పటికీ లేదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఏటా ఫిర్యాదుల సంఖ్య చెప్పాలి. అది పైఅధికారులకు చేరుతుంది, అడ్మిషను కోసం వచ్చిన తల్లిదండ్రులకు కాదు.

2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువే. ఆఫీసు భవనాల్లో నడిచే బ్రాంచి క్యాంపస్‌లలో ఎమ్మెస్ చేసేవాళ్లూ ఉన్నారు. లైంగిక నేరం, గృహహింస, వెంటపడటం వంటి ఫిర్యాదు చేసినవాళ్లకు కౌన్సెలింగ్, న్యాయసహాయంతోపాటు వీసా, ఇమిగ్రేషన్ సహాయం ఎక్కడ దొరుకుతుందో కూడా కాలేజీ రాతపూర్వకంగా తెలియజేయాలి. వీసా పోతుందేమోనని నోరు మూసుకునే పిల్లలకు ఈ సంగతి ముందే తెలియాలి. మరొకటి: నలుగురు కలిసి అద్దెకుండే ప్రైవేటు అపార్టుమెంటు, రాత్రిపూట పనిచేసే గ్యాస్ స్టేషను కాలేజీ పట్టిక సరిహద్దులో ఉండవు. వాటి కోసం ఆ ఊరి పోలీసుల లెక్కలు విడిగా చూసుకోవాలి.